కొలువు ముగిసిన పిదప వైద్యరక్ష

(సదుము వార్షిక మహాసభయందలి ఉపన్యాసపాఠము)



కార్యదర్శిగారు మమ్ము విద్యావిషయమున ప్రసంగింపుమని కోరిరి. బడిపంతులు వేదిక యెక్కినచో విద్యనుగూర్చియే పలుకవలెనని లోకుల తలంపు. ఆ విషయమున మేము గడచిన సభలలో చెప్పవలసినదంతయు చెప్పియున్నాము. విన్నవారు పిల్లలను చదివించిరి. ఆ పిల్లలు నేడు బెంగుళూరునను, హైదరాబాదునను, సముద్రములకావలను ఉద్యోగములు చేయుచున్నారు. వారి తలిదండ్రులు మాత్రము మన పల్లెలలోనే యున్నారు. వారికి ముసలితనము వచ్చినది. కావున నేటి మా ప్రసంగము ఆ తలిదండ్రులనుగూర్చి. మనుష్యుడు పనిచేయుకాలమున అతని రోగమునకు యజమానుడు కొంత దిక్కగుచున్నాడు. పని విడిచిన పిదప దిక్కెవరు? అసలు ఎన్నడును ఒకరి కొలువున లేని సేద్యగానికి దిక్కెవరు? ఈ ప్రశ్నకు లోకము నూటనలువది యేండ్లుగా చెప్పుచు వచ్చిన సమాధానములను, మన సంఘము చెప్పదగిన సమాధానమును సభవారి యెదుట నుంచెదము.

ఈ చింత క్రొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున జనపదనివేశమును చెప్పుచు బాలురను, వృద్ధులను, వ్యాధిగ్రస్తులను, ఆపన్నులను, అనాథలను రాజు భరింపవలెనని విధించెను. మనుధర్మశాస్త్రము ఎనిమిదవ యధ్యాయమున భృత్యుల వేతనమును విచారించుచు, రోగార్తుడై పని నిలిపినవాడు స్వస్థుడై, తొలుత ఒప్పుకొన్న పనిని ముగించినచో, చిరకాలము గడచినను వేతనమున కర్హుడేయని చెప్పినది. రోగము లేకయే గర్వముచే పని మానినవానికి దండనమును వేఱుగా చెప్పినది. శుక్రనీతి మఱియొక యడుగు ముందునకు పోయి, నలువది యేండ్లు సేవచేసినవానికి ఆపై సేవ లేకయే సగము వేతనము నిచ్చుచుండవలెనని పలికినది. శుక్రనీతి కాలమునుగూర్చి పండితులలో వివాదము కలదు. అది మిక్కిలి యిటీవలి గ్రంథమని వాదించువారును కలరు. ఎప్పటిదైనను మాట మంచిదే. అయితే మేము చూచినంతలో, ఈ గ్రంథములలో రోగియగు భృత్యునికి వేతనము కలదు, వృద్ధుడగు భృత్యునికి భృతి కలదు గాని, వృద్ధుడు రోగియైనప్పుడు వైద్యునికి సొమ్మెవరు చెల్లింతురో కానరాదు. ఆ కాలమున ఆ ప్రశ్న అంతగా బాధింపలేదు. వైద్యుడు ఊరిలోనివాడు, మందు చేను గట్టుమీది చెట్టునుండి వచ్చెడిది, కుమారుడు ఇంటనే యుండెడివాడు. నేడు గుండెనాళము మూసికొనిపోయినచో తిరుపతికో, వేలూరికో, బెంగుళూరికో పోవలెను. అచ్చట వ్రాయబడు లెక్క మన సేద్యగాడు రెండు మూడేండ్ల టొమాటో పంటలో కన్నులజూడని మొత్తము కావచ్చును.

కర్మాగారములు వెలసిన పిమ్మటనే యీ ప్రశ్న తీవ్రమైనది. జర్మనీదేశమున బిస్మార్కు 1883లో కార్మికుల రోగభీమాశాసనమును చేయించెను. చందాలో కార్మికునివి రెండుపాళ్లు, యజమానునిది ఒకపాలు. 1889లో వార్ధకపు పింఛనుకై వేఱొక శాసనము వచ్చెను. దానికి నిర్ణయించిన వయస్సు డెబ్బది యేండ్లు. ఈ డెబ్బది యను సంఖ్యను సభవారు జ్ఞాపకముంచుకొనవలెనని ప్రార్థన. అది మరల వచ్చును. ఇంగ్లండులో 1911లో భీమాశాసనము పుట్టెను. అది కూలికి పనిచేయువానికి వైద్యము నిచ్చినదే గాని అతని భార్యాబిడ్డలకు ఈయలేదు. 1948 జూలై 5వ తేదీన జాతీయారోగ్యసేవ ప్రారంభమైన పిమ్మటనే ఆ దేశమున వైద్యమునకును కొలువునకును ముడి తెగినది.

అమెరికా కథ వేఱు. దానిని కొంత విరివిగా చెప్పెదము. ఏలయన అందు ఒక ఘట్టము బడిపంతుళ్లది, మఱియు మన పిల్లలు పలువురు ఆ దేశమున నున్నారు. టెక్సాసు రాష్ట్రమున డాలసు నగరపు పాఠశాలలకు అధికారిగా నుండిన జస్టిన్ ఫోర్డు కింబాల్ అనునాయన, తరువాత బేలరు విశ్వవిద్యాలయమువారి ఆసుపత్రి వ్యవహారములను చూచుటకు వచ్చెను. ఖాతాలు తిరుగవేయగా చెల్లని బాకీలలో ఉపాధ్యాయుల పేళ్లు అనేకము కనబడెను. తాను పాఠశాలాధికారిగా నుండినపుడు ఉపాధ్యాయులకై నడపిన రోగసహాయనిధి లెక్కలు ఆయన యెఱిగినవే. వానినిబట్టి గణించి, నెలకు ఏబది సెంట్లు చెల్లించిన ఉపాధ్యాయునికి ఏటికి ఇరువదియొక్క దినముల ఆసుపత్రివాసము లభించునట్లు 1929లో ఏర్పాటు చేసెను. వేయికి మించిన ఉపాధ్యాయులు చేరిరి. నేడు ఆ దేశమున బ్లూ క్రాస్ అని పేరుగాంచిన భీమాసంస్థలకు మూలము ఇదియేయని చెప్పుదురు. లెక్క సరిగా వ్రాసి యుంచిన యొక చిన్న నిధి యెంతపనికి వచ్చినదో చూడుడు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1942లో, ఆ ప్రభుత్వము జీతములు పెంచరాదని కట్టడి చేసెను. భీమా మొదలగు సౌకర్యములను మాత్రము ఆ కట్టడినుండి విడిచెను. పనివారు దొరకని కాలము గదా! జీతము పెంచనేరని యజమానులు భీమా నిచ్చి పనివారిని పిలిచిరి. యజమానుడు చెల్లించు భీమాసొమ్ముపై పనివానికి ఆదాయపుపన్ను లేదని 1954నాటి శాసనము స్థిరపఱచెను. యుద్ధకాలపు తాత్కాలికోపాయము ఆ దేశమునకు శాశ్వతాచారమై కూర్చున్నది. నీడ చెట్టుతో నున్నట్లు భీమా కొలువుతో నున్నది. చెట్టు కూలినచో నీడయు లేదు. 1960 ప్రాంతమున చూడగా, అరువదియైదేండ్లు దాటినవారిలో రమారమి సగముమందికి ఏ భీమాయు లేదు. రోగములు లేని వయస్సున రక్ష, రోగములు ముసరు వయస్సున అరక్ష. భీమాకంపెనీలకు అది లాభమే. వృద్ధుని చేర్చుకొనుటకు వా రేల ముందునకు వత్తురు?

ట్రూమన్ అధ్యక్షుడు 1945లోనే ప్రజలందఱికిని వైద్యభీమా యుండవలెనని ప్రతిపాదించి విఫలుడయ్యెను. వైద్యుల సంఘము తీవ్రముగా ప్రతిఘటించినది. ఇరువదియేండ్లకు, 1965 జూలై 30వ తేదీన, జాన్సన్ అధ్యక్షుడు ఇండిపెండెన్సు నగరమునకు, అనగా వృద్ధుడగు ట్రూమన్ గారి యూరికి, తానే పోయి, ఆయన సమక్షమున వృద్ధుల వైద్యశాసనముపై సంతకము చేసి, తొలికార్డును ఆయనకే యిచ్చెను. దీనిని మెడికేరు అందురు. మరుసటి యేడు జూలై 1వ తేదీనుండి అది నడచుచున్నది. పనిచేయువారి జీతములనుండియు, యజమానులనుండియు కొంత సుంకము వసూలుచేసి, అరువదియైదు దాటినవారి ఆసుపత్రివ్యయమునకు వినియోగింతురు. అనగా పనిచేయు తరము పని ముగించిన తరమునకు వైద్యము చేయించుచున్నది. తండ్రి ఋణమును కొడుకు తీర్చుట మనమెఱిగినదే. ఊరికొడుకులందఱు కలిసి ఊరితండ్రులందఱి ఋణమును తీర్చుట దానికే పెద్దరూపము.

ఇచ్చట నొక హెచ్చరిక. పిల్లలయొద్దకు అమెరికా పోవు మన పెద్దలు, అచ్చట వృద్ధులకు ప్రభుత్వవైద్యము కలదని విని భ్రమపడరాదు. సందర్శకులై పోవువారికి అది లేదు. శాశ్వతనివాసపు కార్డు పొందినవారు సైతము ఐదేండ్లు ఎడతెగక ఆ దేశమున నివసించిన పిమ్మటనే, అదియు నెలనెల సొమ్ము చెల్లించి చేరవలసియుండును. తామో, తమ దంపతియో ఆ దేశమున పదేండ్లు పనిచేసి సుంకము కట్టినవారికే ఆసుపత్రిభాగము ఉచితము. ఆఱు నెలలకై పోవువారు ప్రయాణికుల భీమాపత్రమును కొనునప్పుడు, పూర్వమునుండి యున్న రోగములనుగూర్చి అందేమి వ్రాసియున్నదో కుమారునిచేత చదివించి విని, పిదప విమాన మెక్కవలెను.

ఇక మన దేశమునకు వత్తము. 1943లో ఆచార్య బి. పి. అదార్కరుగారిని కార్మికుల రోగభీమానుగూర్చి ఒక ప్రణాళికను రచింపుమని ప్రభుత్వము నియమించెను. ఆయన 1944లో నివేదిక నిచ్చిరి. స్వాతంత్ర్యము వచ్చిన మరుసటి యేడు, 1948లో, ఉద్యోగుల రాజ్యభీమాశాసనము వెలసినది. దానినే మనవారు ఈ.ఎస్.ఐ. యందురు. 1952 ఫిబ్రవరి 24వ తేదీన కాన్పురమునందు నెహ్రూగారు దానిని ప్రారంభించిరి. మొదట అది కార్మికునికి మాత్రమే వైద్యము నిచ్చెడిది; కుటుంబమునకు తరువాతి కాలమున విస్తరించినది. 2019 జూలైనుండి యజమానుడు జీతములో నూటికి 3.25 వంతున, కార్మికుడు 0.75 వంతున చెల్లించుచున్నారు. 2025 నవంబరు 21వ తేదీనుండి ఆ పాతశాసనము సామాజికభద్రతాస్మృతిలో లీనమైనది.

ఈ పథకమున మనవారు పెక్కురెఱుగని యొక సదుపాయము కలదు. 1989నాటి సవరణమువలన, కనీసము ఐదేండ్లు భీమాలో నుండి, వయస్సు నిండి విరమించిన కార్మికుడు, ఏటికి 120 రూపాయలు చెల్లించినచో తనకును తన భార్యకును ఈ.ఎస్.ఐ. వైద్యము సాగించుకొనవచ్చును. నెలకు పది రూపాయలన్నమాట! తిరుపతిలో ఈ.ఎస్.ఐ. ఆసుపత్రి కలదు. బెంగుళూరు మిల్లులలోను, శ్రీసిటీ వంటి తావులలోను, చిత్తూరు ప్రాంతపు కర్మాగారములలోను కష్టించి యిల్లు చేరిన మనవారిలో ఈ సొమ్ము కట్టుచున్నవారు ఎంతమంది? సభలో చేయి యెత్తుమని యడుగము. ఇంటికి పోయి పాత భీమాసంఖ్యను వెదకుకొనుడని మాత్రము చెప్పుచున్నాము.

ప్రభుత్వోద్యోగుల మార్గము వేఱు. కేంద్రోద్యోగులకు 1954లో ఢిల్లీయందు వైద్యపథకము మొదలై తరువాత ఇతర నగరములకు వ్యాపించినది. మాజీసైనికులకు 2003 ఏప్రిల్ 1నుండి వేఱొక పథకము కలదు. మన రాష్ట్రోద్యోగులకు 1972నాటి సమగ్రవైద్యనియమములక్రింద, తాము ముందు సొమ్ము వ్యయించి పిదప బిల్లులు పంపి తిరిగి రాబట్టుకొను పద్ధతి యుండెడిది. ఆ బిల్లుల కట్టలు ఏ కార్యాలయముననో ధూళి తినుచుండగా గృహస్థు అప్పునకు వడ్డి కట్టుచుండెడివాడు. 2013లో ఉద్యోగుల ఆరోగ్యపథకము ఏర్పడి, పింఛనుదారులు సైతము అందు చేర్చబడిరి. మా బోటి విశ్రాంతోపాధ్యాయులకు కార్డు కలదు. కొన్ని ఆసుపత్రులలో ఆ కార్డును చూచిన గుమాస్తాల ముఖము చిన్నబోవుట నిజమే గాని, లేనివారితో పోల్చుకొన్నచో మేము భాగ్యవంతులమే. మాతోపాటు ఒకే కంచములో తిని, చదువు మాని పొలము దున్నిన అన్నదమ్ములకు ఆ భాగ్యము లేదు.

వారికి దిక్కైనది రాష్ట్రప్రభుత్వపు ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న అనంతపురము, మహబూబునగరము, శ్రీకాకుళము జిల్లాలలో అది ఆరంభమైనది. అదే యేడు డిసెంబరులో మన చిత్తూరుజిల్లాకు వచ్చినది. తొలుత తెల్లకార్డు కుటుంబమునకు ఏటికి లక్షన్నర, అవసరమైనచో మఱి యేబదివేలు. తరువాత ఆ పరిమితి హెచ్చుచు, 2023 డిసెంబరునాటికి 25 లక్షలుగా ప్రకటింపబడినది. 2019లో ఏటికి 5 లక్షలలోపు ఆదాయముగల కుటుంబములకు అర్హత విస్తరింపబడినది. పథకమునకు 2014 పిదప ఎన్టీఆర్ వైద్యసేవ యనియు, 2019 పిదప వైయస్సార్ ఆరోగ్యశ్రీ యనియు, 2024లో మరల ఎన్టీఆర్ వైద్యసేవ యనియు పేళ్లు మాఱినవి. మంచముమీది రోగికి పేరుతో పనిలేదు. యజమానునితో సంబంధము లేక, చందా లేక, సేద్యగానికిని కూలివానికిని గుండెశస్త్రము చేయించుట యన్నది మన తాతల కాలమున కలలోని మాట. ఈ విషయమున మన రాష్ట్రము దేశమునకు ముందు నడచినదని చెప్పుటకు సంకోచింపనక్కఱలేదు. కేంద్రప్రభుత్వపు ఆయుష్మాన్ భారత్ 2018 సెప్టెంబరు 23న రాంచీలో ప్రారంభమగునప్పటికి మనకు పదునొకండేండ్ల అనుభవము కలదు.

ఇప్పుడు ఆ డెబ్బది సంఖ్య మరల వచ్చినది. 2024 అక్టోబరు 29వ తేదీన, ధన్వంతరి జయంతినాడు, కేంద్రప్రభుత్వము ఆయుష్మాన్ భారత్‌ను డెబ్బది యేండ్లు నిండిన వారందఱికిని, ఆదాయవిచారణ లేకయే, విస్తరింపజేసెను. ఆ కార్డునకు వయవందన యని పేరు. దీని మర్మములను విడదీసి చెప్పెదము. ఏటికి 5 లక్షల వఱకు ఆసుపత్రిలో చేరి చేయించుకొను వైద్యము లభించును. ఇంటిలో డెబ్బది దాటిన దంపతులు ఇరువురున్నచో ఆ మొత్తము ఇరువురికిని ఉమ్మడి. ఇదివఱకే ఆయుష్మాన్ కుటుంబమునకు చెందిన వృద్ధునికి ఇది అదనము. కొడుకు కోడండ్రతో పంచుకొన పనిలేదు. పూర్వరోగము కలదని త్రోసిపుచ్చుట గాని, నిరీక్షించుమనుట గాని లేదు. స్వంతముగా భీమా కొన్నవారును, ఈ.ఎస్.ఐ. కలవారును దీనిని కూడ పొందవచ్చును. కేంద్రోద్యోగుల పథకము, మాజీసైనికుల పథకము గలవారు మాత్రము రెంటిలో ఒకదానిని ఎన్నుకొనవలెను. పోవుటకు ముందు ఆ ఆసుపత్రి పథకపు జాబితాలో నున్నదా యని విచారించుకొనవలెను. బయటిరోగిగా పోయి వ్రాయించుకొను రక్తపుపోటు మాత్రలకు, మధుమేహపు మందులకు ఈ 5 లక్షలలో ఒక్క పైసయు రాదు. ముసలివారికి దినదినము తగులు వ్యయము ఆ మందులదే గనుక ఇది పెద్దలోపమే. వానికై ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు పోవుటకు మనవారు సిగ్గుపడరాదు.

అందఱికిని ఏదో యొకటి కలదు గదా, ఇక మీ చింత యేమని అడుగవచ్చును. మా చింత నడుమనున్న వారినిగూర్చి. ఆదాయపరిమితిని కొంచెము దాటి ఆరోగ్యశ్రీకి కానివారు, ప్రభుత్వపు కొలువు లేక పింఛనుదారుల కార్డునకు కానివారు, డెబ్బది నిండక వయవందనకు కానివారు. చిన్న అంగడి పెట్టుకొని ఆదాయపుపన్ను కట్టినవాడు, ప్రైవేటు బడిలో ముప్పదియేండ్లు పాఠము చెప్పి పింఛను లేక విరమించినవాడు, ఇట్టివారు. నీతి ఆయోగువారు 2021లో ప్రకటించిన నివేదికయందు, దేశమున ఏ రక్షయు లేక నడుమ నిలిచినవారు నూటికి ముప్పదిమంది, అనగా రమారమి నలువదికోట్లమంది, అని చెప్పిరి. వారిలో అరువదికిని డెబ్బదికిని నడుమనున్న వయస్సువారి స్థితి మిక్కిలి కష్టము. జర్మనీలో 1889లో డెబ్బదిగా పెట్టిన వయస్సును 1916లో అరువదియైదునకు తగ్గించిరి. మన ప్రభుత్వమును అట్లే కోరుట న్యాయమేగాని, అది జరుగువఱకు రోగము నిరీక్షింపదు.

వీరిలో పెక్కురకు కుమారుని కంపెనీవారి భీమాయే యాధారము. బెంగుళూరు కంపెనీలు పలువురు ఉద్యోగుల తలిదండ్రులను కూడ భీమాలో చేర్చుచున్నవి. మంచిదే. కాని మేమెఱిగిన యొక గృహస్థు కథను, ఊరు పేరు లేక, చెప్పెదము. కుమారుడు పెద్దకంపెనీలో నుండెను. ఆయన తన స్వంతభీమాపత్రమునకు ఏటేట కట్టుచున్న సొమ్మును, కుమారుని కార్డు వచ్చినదని, మాని వేసెను. రెండేండ్లు గడచెను. కంపెనీవారు ఉద్యోగులను కొందఱిని తొలగించిరి. వారిలో ఈ కుమారుడొకడు. క్రొత్త కొలువు దొరకుటకు నాలుగు నెలలు పట్టెను. ఆ నడుమనే తండ్రికి పక్షవాతము వచ్చెను. ఆసుపత్రిలో కార్డు నిచ్చినచో అది చెల్లదనిరి. మామిడితోపులో సగము పోయినది. అమెరికాలో కార్మికులు 1940 తరువాత నేర్చిన పాఠమును ఆ గృహస్థు మన మండలమున నేర్చెను.

అట్లగుటచే కుమారుని కార్డు ఉండగనే, వయస్సు ఏబదియైదు, అరువది నడుమ నుండగనే, తమ పేర ఒక చిన్నభీమాపత్రమును తీసికొనుట యుక్తము. 2024నాటి నియమములనుబట్టి, పూర్వరోగములకై కంపెనీవారు నిరీక్షింపజేయు గడువు మూడేండ్లకు మించరాదు. ఆ మూడేండ్లను కుమారుని కార్డు కాపాడుచుండగా గడపివేయవచ్చును. వయస్సు అరువదియైదు దాటినదను కారణముననే పత్రమును నిరాకరించు పాత కట్టుబాటును కూడ 2024లో తొలగించిరి. 2025 జనవరినుండి అరువది దాటినవారి ప్రీమియమును, నియంత్రణసంస్థతో సంప్రదింపక, ఏటికి నూటికి పదివంతులకు మించి పెంచరాదు. 2025 సెప్టెంబరు 22నుండి వ్యక్తులు తమకై కొను ఆరోగ్యభీమాపై జి.ఎస్.టి. లేదు, అంతకుముందు నూటికి పదునెనిమిది యుండెడిది. కొడుకు కొలువు మానునప్పుడు, కంపెనీ సామూహికభీమానుండి అదే భీమాసంస్థవారి వ్యక్తిగతపత్రమునకు మాఱుమని కోరు హక్కు కూడ కలదు. కొలువు మానకముందే అడుగవలెను.

"కొడుకులున్నారు, భీమా యేల?" యని కొందఱు పెద్దలు మమ్మడుగుదురు. కొడుకు సమర్థుడే కావచ్చును. అయినను తండ్రి రోగమునకును తన కూతురి చదువునకును ఒకే నెలలో సొమ్ము కావలసినపుడు అతడు దేనిని కోయవలెను? ఆ సంకటమును కొడుకునకు తప్పించుటయు పితృవాత్సల్యమే.

ఇక మన సంఘము చేయదగిన పని. పదిమంది కూడిన చోట రక్ష చౌక యగునని మన పొరుగుననే చూచితిమి. కర్ణాటకమున 2003లో యశస్వినీ యను పథకము సహకారసంఘముల సభ్యులకై మొదలైనది. కోలారుసీమలో పాలసంఘమునకు పాలుపోయు తెలుగు రైతులు కూడ, నెలకు ఐదు రూపాయల చొప్పున కట్టి, డెబ్బదియైదేండ్ల వయస్సు వఱకు శస్త్రచికిత్సలకు అర్హులైరి. అది 2018లో నిలిచి, 2022లో మరల లేచినది. అంతకు పూర్వము మన మదనపల్లెయొద్ద ఆరోగ్యవరమున, ఒక్కొక్క మిషను తాను విడిగా చేయలేని క్షయరోగచికిత్సాలయమును పలుమిషనులు కలిసి నిర్మించి 1915లో రోగులకు తెఱచినవి. డాక్టరు ఫ్రిమోట్ మోలరుగారి పేరు నేటికిని ఆ ప్రాంతపు వృద్ధులు తలచుకొందురు.

అట్లని మన సంఘమే భీమాకంపెనీ కాగలదని యెవరును తలంపరాదు. ఇంత కట్టుము, రోగము వచ్చినచో ఇంత యిత్తుమని వాగ్దానము చేయుటకు 1938నాటి భీమాశాసనము ననుసరించి ప్రత్యేకానుమతి కావలెను. ఉత్సాహముచే అట్టి చీట్లను నడపి చిక్కులపాలైన సంఘములు లేకపోలేదు. మనము చేయదగినది సహాయనిధి. దానము దానముగనే వచ్చును, సాయము సాయముగనే పోవును. హక్కు లేదు, వాగ్దానము లేదు. ఈ నిధినుండి, నడుమ నిలిచిన అరువది మొదలు డెబ్బది యేండ్ల సభ్యులకు, ముఖ్యముగా వితంతువులగు అమ్మలకు, తొలి మూడేండ్ల ప్రీమియములో కొంతభాగము నిచ్చుట మా ప్రతిపాదన. కల్యాణమండపమునకు రెండవ అంతస్తు కట్టవలెనని దాతలు కొందఱు సంకల్పించిరని విన్నాము. మండపము శోభావహమే. అయినను ఆ అంతస్తును రెండేండ్లు ఆపి ఆ విరాళముల వడ్డిని ఈ నిధికి మళ్లింపుడని దాతలను చేతులు జోడించి కోరుచున్నాము. కోపము వచ్చినచో మాపైనే రావలెను. కార్యదర్శిగారికి దీనితో సంబంధము లేదు.

నిధికంటె ముందు కావలసినది పట్టిక. మన సభ్యులలో అరువది దాటినవారెవరు, ఎవరికి ఏ కార్డు కలదు, ఎవరికి ఏదియు లేదు అను లెక్క నేటికి మనయొద్ద లేదు. కింబాల్ గారియొద్ద లెక్క యుండెను గనుకనే ఆయన పని సాగినది. ఇందొక చిక్కు కలదు. వయవందనకు ఆధారుకార్డులోని వయస్సే ప్రమాణము. మన పెద్దలలో పెక్కురకు జన్మపత్రిక లేదు. కార్డు తీయునాడు గుమాస్తా తోచిన సంవత్సరమును వేసి, జనవరి 1 అని వ్రాసినాడు. డెబ్బదిరెండేండ్ల అమ్మ కార్డులో అరువదియాఱేండ్లదై యున్నది. ఆమెకు ఇంగ్లీషు సంవత్సరము తెలియదు గాని తెలుగు సంవత్సరము తెలియును. మన్మథలో పుట్టినవారిది 1955–56. వారికి 2025–26లో డెబ్బది నిండును. జయలో పుట్టినవారు వారికంటె ఒక యేడు పెద్దలు, దుర్ముఖిలో పుట్టినవారు ఒక యేడు చిన్నలు. సంవత్సరము పేరు చెప్పినచో క్రీస్తుశకమును లెక్కకట్టి యిచ్చుట మా పని. బడి రికార్డునో మఱియొక పత్రమునో వెదకించి ఆధారుకేంద్రమున దిద్దించుట మన యువకుల పని. ఐదుగురు పిల్లలు ఇందుకు ఒప్పుకొనియున్నారు.

భోజనశాలకు తూర్పున, వేపచెట్టుక్రింద, ఒక బల్ల వేయించితిమి. పట్టిక పుస్తకము అచ్చటనే యున్నది. భోజనానంతరము అరువది దాటిన ప్రతివారును ఆధారుకార్డుతో వచ్చి పేరు వ్రాయించుకొనవలెనని ప్రార్థించుచున్నాము. నేడు రాలేకపోయిన పెద్దల పేళ్లను వారి యూరివారు చెప్పి వ్రాయింపవచ్చును. సాయంకాలము ఆఱుగంటల వఱకు మేము అచ్చటనే కూర్చుండెదము.